సారంగదరియా గేయము: మూలము, రూపాంతరము

కోలాచల మల్లినాథసూరి పంచకావ్యములకు వ్యాఖ్యానములు రచింప బూనినపుడు, మూలము లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని పలుకననియు ప్రతిజ్ఞ గావించెను. ఆ మహావ్యాఖ్యాత యింటిపేరును నిలిపిన కొల్చారము నేటికిని మెదకు జిల్లాలోని యూరు. కాళిదాస భారవి మాఘాదుల శ్లోకములను బోధించు పండితులందఱును ఆ ప్రతిజ్ఞకు ఋణపడినవారే. అయినను, ఆ ప్రతిజ్ఞ సంస్కృత కావ్యములకే చెల్లునా, లేక పొలములలోను పందిళ్లలోను పుట్టి నేడు కోట్లకొలది శ్రోతల చెవులకెక్కుచున్న దేశి పాటలకును చెల్లునా యను ప్రశ్న విద్వాంసులు విచారింపవలసినదై యున్నది. ఇటీవలి కాలమున ఈ ప్రశ్నను స్పష్టముగా ముందునకు దెచ్చిన గేయము సారంగదరియా.

ఈ గేయము 2021 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వెలువడి, అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రదర్శింపబడిన లవ్ స్టోరీ యను చలనచిత్రమునందు చేర్చబడెను. చిత్రమునకు దర్శకుడు శేఖర్ కమ్ముల, గేయమునకు సాహిత్యకర్త సుద్దాల అశోక్ తేజ, స్వరకర్త పవన్, గాయని మంగ్లి, నర్తించిన నటి సాయిపల్లవి. గాయని అనంతపుర మండలపు బంజారా కుటుంబమున పుట్టినది. నటి నీలగిరి ప్రాంతపు కోటగిరికి చెందినది. పాట మాత్రము తెలంగాణపు పల్లెలది. యూట్యూబున దీనిని వినినవారి లెక్క పది కోట్లను దాటెను. పెండ్లి ఊరేగింపులలోను, పాఠశాలల వార్షికోత్సవములలోను, తెలుగు తెలియని నగరములలోని నృత్యశాలలలోను ఇది మ్రోగెను. పల్లెపాట పట్టణపు పాటయగుట క్రొత్త కాదు. ఇంత వేగముగా, ఇంత విస్తారముగా నగుట మాత్రము క్రొత్త.

పండితులును పల్లెపాటయు

పల్లెవారి ప్రేమగేయము నాగరికుల సభకు వచ్చుట ఈ దక్షిణాపథమున రెండువేల యేండ్ల నాటి కథ. సాతవాహన రాజగు హాలుని పేర వెలసిన గాథాసప్తశతి ప్రాకృతభాషలో గ్రామీణుల ప్రణయమును, పొలము కాపులను, ఏటి రేవులను వర్ణించు ముక్తకముల సంకలనము. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు ధ్వనిని నిరూపించుటకు అట్టి గాథలనే ఉదాహరించెను. గ్రామీణ నాయిక పలుకులోని వ్యంగ్యము ఆలంకారికులకు పరమ ప్రమాణమయ్యెను. కావున పల్లెపాట శిష్టుల చెవికి తగదని పలుకువారు తమ శాస్త్రపు పునాదినే మఱచినవారగుదురు. ఇంకొక విశేషము: ఆ గాథలకు కొన్ని వ్రాతప్రతులలోను వ్యాఖ్యలలోను కర్తల పేర్లు చెప్పబడియున్నవి. రాజు సంకలించినను, పాటకుని పేరు చెఱిపివేయబడలేదు.

తెలుగునందును ఈ సంప్రదాయమునకు సాక్ష్యములు కలవు. నన్నెచోడుడు కుమారసంభవమున గౌడు గీతములను, ఊయల పాటలను ప్రస్తావించెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు వానిని పేర్కొనెను. పేర్లు మిగిలినవి, ఆ కాలపు పాటలు మాత్రము చాలవఱకు మిగులలేదు. వాని వినికిడి గలవారు వ్రాసికొనలేదు. వ్రాయ నేర్చినవారు వ్రాయదగినదని తలపలేదు. 1925 లో నండూరి సుబ్బారావు ఎంకి పాటలు ప్రకటించినపుడు పండితలోకమున రేగిన వాదము పెద్దది. పల్లెపలుకులో శృంగారమును వ్రాయుట గ్రామ్యమని కొందఱును, అదియే ప్రాణమని కొందఱును తగవులాడిరి. అయితే ఎంకి కవి కల్పించిన నాయిక. ఆ పాటలకు కర్త యెవడో లోకమునకు తెలియును. పొలము నుండి వచ్చిన పాటను శాస్త్రదృష్టితో పరిశీలించు పని ఆ తరువాతిది. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధించి 1958 లో తెలుగు జానపద గేయ సాహిత్యమను గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథముతో పల్లెపాట విశ్వవిద్యాలయ విద్యలలో నొకటయ్యెను.

సారంగదరియా విషయమున వంశక్రమము గూడ గమనింపదగినది. సాహిత్యకర్త తండ్రియగు సుద్దాల హనుమంతు తెలంగాణ రైతాంగపోరాట కాలమున పల్లెబాణీలలో ఉద్యమగేయములు రచించినవాడు. పశులకాపరి బాలుని గూర్చి యాయన రచించిన గేయము 1980 లో వెలువడిన మాభూమి చలనచిత్రమున చేరెను. ఆ చిత్రమునకు ప్రాణమైన బి. నర్సింగరావు నాటి మెదకు జిల్లాలోని ప్రజ్ఞాపురమున పుట్టినవాడు. తండ్రి పల్లెబాణీని గైకొని పోరాటమున కిచ్చెను; కుమారుడు పల్లె పల్లవిని గైకొని శృంగారమున కిచ్చెను. రెండు తావులను పల్లెయే దాత.

నామవిచారము

ఈ గేయమున పల్లవి జానపదము నుండి గ్రహింపబడినది. చరణములలో కవి తన రచనను చేర్చెను. పల్లవి యందలి వస్తువు సరళము: భుజముపై కడవ గల యొక యువతి, ఆమె రవిక మెఱపు, పిలిచినను రాని ఆమె స్వభావము, చివరకు ఆమె పేరు. ఆ పేరే పాటకు ముడి. దాని యర్థమును గూర్చి పలువురు పలు విధముల పలుకుచున్నారు గనుక కొంత విచారింపవలసియున్నది.

సారంగ శబ్దమునకు అమరకోశము నానార్థవర్గమున చాతకపక్షి, లేడి, చిత్రవర్ణము అను నర్థములను చెప్పుచున్నది. సంగీతమున సారంగ మొక రాగము. సారంగి యొక వాద్యము. ఉత్తరభాగమును ధరశబ్దభవముగా గ్రహించినచో, మహాప్రాణము పోయి దకారము నిలుచుట దేశ్యోచ్చారణమున సహజమే. ఆ మార్గమున సారంగమను వాద్యమును ధరించినదని కొందఱు చెప్పుదురు. సారంగధరుని కథ తెలుగుదేశమున యక్షగానములుగా, నాటకములుగా వ్యాపించి యుండుటచేత ఆ పేరు జనుల నాలుకకు పరిచితమే. కాని ఈ పాటలో ఆ కథాప్రసక్తి లేదు. దరియా యని ఫారసీ పదముగా గ్రహించినచో నది, సముద్రము అను నర్థములు వచ్చును. 1948 వఱకు ఉర్దూ రాజభాషగా నున్న రాజ్యమునను, ఒకప్పుడు గుల్షనాబాదని పిలువబడిన మెదకువంటి పట్టణములలోను ఫారసీ పదములు పల్లెపలుకులోనికి దిగుట వింత కాదు.

ఇన్ని మార్గములలో నేది మూలమని నిర్ణయించుటకు తగిన ప్రమాణము పాటలో లేదు. అట్టితఱి శాస్త్రజ్ఞుడు చేయవలసినది కల్పన గాదు, వర్గీకరణము. శాబ్దికులు పదములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిరి. అవయవార్థము మఱుగుపడి సముదాయమే యర్థమును చెప్పునది రూఢము. రూఢి యోగమును హరించునని శాస్త్రమర్యాద. సారంగదరియా యను పదమును పాటయే ఆమె పేరుగా చెప్పుచున్నది. పాడువారికి అది పేరుగానే తెలియును. కావున దీనిని రూఢనామముగా గ్రహించుటయే యుక్తము. లేడి యనిన చంచలత్వమును, చాతకమనిన తృష్ణను, నది యనిన ప్రవాహమును వినువాడు తలచికొనవచ్చును. ఆ తలంపులన్నియు ధ్వనులు. వానిలో నొకదానిని వాచ్యార్థముగా స్థిరపఱచుట పాటకు మేలు చేయదు.

అది, దాని యను సర్వనామములు

పాటలో నాయికను గూర్చి అది, దాని యను సర్వనామములు ప్రయోగింపబడినవి. స్త్రీని క్లీబముగా పలుకుట తక్కువచేయుటయని యాక్షేపించువారు కలరు. ఈ యాక్షేపమున సగము వ్యాకరణానభిజ్ఞత, సగము సత్యము.

వ్యాకరణము మాట ముందు. తెలుగున మహద్వాచకములు, మహతీవాచకములు, అమహద్వాచకములు అని విభాగము. మహతీవాచకము ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను తుల్యరూపములను పొందును. సీత వచ్చుచున్నది, గోవు వచ్చుచున్నది యని క్రియ యొక్కటియే. స్త్రీలు వచ్చుచున్నారు, పురుషులు వచ్చుచున్నారు అనునెడ మఱల నొక్కటియే. కావున అది యనుట భాషాస్వభావము. సంస్కృత లింగవ్యవస్థను మనస్సున నుంచుకొని తెలుగు సర్వనామమును దూషించుట తగదు.

ఇక సత్యభాగము. ఆమె యనునది గౌరవమును సూచించును. అది యనునది చనువును గాని, తక్కువతనమును గాని సూచించును. ఏది యగునో నిర్ణయించునది పలుకువారి సంబంధము. నాటువేయు వరుసలో నొక యువతి తన చెలికత్తెను అది యని పరిహసించినచో చనువు. దారిపక్కన నిలిచిన యపరిచితుడు అట్లే పలికినచో తేలికతనము. కాబట్టి ఈ పాటకు ప్రాణప్రశ్న యిది: పలుకువా రెవరు?

పొలములో ఈ జాతి పాటను స్త్రీలు స్త్రీని గూర్చి పాడుకొందురు. ఒకతె యెత్తుకొనగా తక్కినవా రందుకొందురు. పరిహాసముచే నాయిక సిగ్గుపడునదియు, మరునాడు తానే పాట నెత్తుకొని వేఱొకతెను పరిహసించునదియు నొక గుంపులోనివారే. చలనచిత్రమున కంఠము స్త్రీదే, నర్తించునదియు స్త్రీయే. పాట తన్ను గూర్చియే తాను పరునివలె చెప్పుకొనుటయైనది. ఇది యొక మార్పు. గాయని కంఠమున గల బిరుసుతనమును, నర్తకి యాంగికమునందలి స్వాధీనతయు చనువు అను నర్థమునే నిలిపినవి. పురుషకంఠమున పెట్టినచో పాట చెడియుండెడిది. అయితే ఆ గుంపు మాత్రము పోయినది. పరిహసించు చెలులు లేరు. వారి స్థానమున చూచు ప్రేక్షకుడు వచ్చెను. పాట పల్లె నుండి తెఱకు వచ్చుటలో మొదట నష్టమైనది ఈ పరస్పరత్వము.

పల్లవియందు స్వభావోక్తి, చరణములందు విభావన

పల్లవి కేవలము స్వభావోక్తి. కన్ను చూచిన క్రమముననే పలుకు నడచును: కడవ, రవిక, నడక, పేరు. ఉపమానము లేదు, ఉత్ప్రేక్ష లేదు. పల్లెపాట బలము ఇందే యున్నది. చూచిన వస్తువును పేర్కొనుటయే ఆ పాటకు అలంకారము.

చరణములలో కవి మార్గము వేఱు. కాలికి వెండి యాభరణము లేకయే నడకయందు నాదము పుట్టుననియు, కొప్పున పూవులు లేకయే సొబగు కలుగుననియు నడచు భావసరణి విభావనాలంకారము. కారణము లేకున్నను కార్యము జనించినట్లు చెప్పుట విభావనయని ఆలంకారికుల లక్షణము. దండి మొదలుకొని అప్పయదీక్షితుల వఱకు నెల్లరును నిర్వచించిన యలంకారము తెలంగాణపు పల్లెపలుకులో నింత సులభముగా కూర్చుండుట కవి నేర్పునకు నిదర్శనము. ఇందింకొక సూక్ష్మము కలదు. రాజకన్యను వర్ణించునపుడు నగలు లేకున్నను అందగత్తె యనుట చమత్కారమాత్రమే, ఆమెకు నగలు కలవు గనుక. కడవ మోయు పిల్లను గూర్చి అదే మాట చెప్పినపుడు అది వాస్తవము. ఆమెకు నగలు లేవు. లేమి యలంకారమునకు హేతువైనది. శాస్త్రములోని విభావన ఇచ్చట జీవితమునకు దగ్గఱయై నిలిచెను. చలనచిత్ర గేయములలో శబ్దాడంబరము హెచ్చిన ఈ కాలమున ఇట్టి యౌచిత్యము ప్రశంసింపదగినది. కావున గ్రహించిన పల్లవిని గూర్చి వచ్చిన వివాదమును, చేర్చిన చరణముల గుణమును వేఱువేఱుగా తూచవలెను. ఒకదానికై రెండవదానిని దూషించుట న్యాయము కాదు. ఒకదానికై రెండవదానిని క్షమించుటయు కాదు.

ప్లుతమును దూరమును

పల్లెపాట పాదాంతమున స్వరమును సాగదీయును. ఉయ్యాలో, వలలో, కోలు మొదలగు బతుకమ్మ పాటల ఊతపదములందును ఈ సాగుడు వినబడును. సారంగదరియా పల్లవి పాదములన్నియు దీర్ఘముతో ముగియుచున్నవి. దీనిని రాగాలాపనమాత్రముగా తలపరాదు. దూరమున నున్నవారిని పిలుచునపుడు వాక్యాంతస్వరమునకు ప్లుతము కలుగునని పాణిని యెనిమిదవ యధ్యాయమున విధించెను. హ్రస్వమునకు మాత్ర యొకటి, దీర్ఘమునకు రెండు, ప్లుతమునకు మూడు. వరిమడి యొక గట్టు నుండి రెండవ గట్టునకు మాట చేరవలెనన్న పాదాంతము సాగవలయును. ఆ సాగుడు నడుమనే నారు ముంచి నాటు చేతికి విరామము దొరకును. కాబట్టి ప్లుతము దూరమును దాటుటకును, శ్రమకు లయ కూర్చుటకును పుట్టినది.

ధ్వనిగ్రాహక యంత్రము వచ్చిన పిదప గాయని శ్రోత చెవిలోనే పాడుచున్నది. దాటవలసిన దూరము లేదు. పాదాంతదీర్ఘము మిగిలియున్నది గాని దాని పని మాఱినది. పిలుపు కావలసినది సొగసయ్యెను. ఆ సాగుడునకు ఆధారమైన వంగి నాటు శ్రమ తెఱపై లేదు. ఇది దోషమని కాదు, ఇది రూపాంతర లక్షణమని. వేదస్వరము లౌకికమున లుప్తమైనను భాష మిగిలినట్లు, పని విడిచినను పాట మిగులును. కాని దేనిని విడిచి మిగిలినదో విద్యార్థికి చెప్పువాడు ఉండవలెను.

మెదకు ప్రాంతమున ఈ విషయము కంటికి కనబడునట్టిది. మెతుకు శబ్దము నుండియే ఈ సీమకు పేరు వచ్చినదని లోకవాదము. మంజీరానదిపై ఘనపురపు ఆనకట్ట క్రింద వరి పండును. నాట్లు వేయు స్త్రీల గుంపులు ఉన్నంతకాలము నాటుపాటలకు తావు ఉండెను. నాటు యంత్రములు, కలుపుమందులు వచ్చిన కొలదియు గుంపు తగ్గుచున్నది. గుంపు తగ్గిన పాట తగ్గును. కడవ సంగతియు నట్టిదే. ఇంటింటికి కొళాయినీటిని చేర్చు మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7 వ తేదీన నాటి మెదకు జిల్లాలోని గజ్వేలు దాపున కోమటిబండలో ప్రారంభింపబడెను. నీటికై నడుచు శ్రమ తగ్గుట స్త్రీలకు మేలే. దానిని గూర్చి విచారించువాడు కడవ మోయనివాడు. అయితే కడవ భుజముపై నున్న యువతి ఇక పాటలోనే కనబడును. వస్తువు పోయిన తరువాత పాట దానికి నిఘంటువగును. నిఘంటువునకు మూలనిర్దేశము ఎంత ముఖ్యమో ఇట్టి పాటకును అంత ముఖ్యము.

రూపాంతర భేదములు

పల్లెపాట జనసామాన్యమునకు చేరు మార్గములు ఒకటి కాదు. తెలుగు పదములను తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని విభజించు వైయాకరణ పద్ధతి ఇచ్చటను ఉపకరించును.

గాయకులతో సహా మార్పులేక వచ్చునది తత్సమమువంటిది. 2023 లో వెలువడిన బలగము చిత్రపు చివర బుడగజంగాల కళాకారులగు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తమ కథాగాన సంప్రదాయముననే పాడిరి. భాషయు, గాత్రమును, వాద్యమును వారివే. శ్రోతలు కంటతడి పెట్టుటకు ఏ సంస్కారమును అవసరము కాలేదు.

మూలమునకు వికారము చేసి గ్రహించునది తద్భవమువంటిది. సారంగదరియా ఈ వర్గమున చేరును. పల్లవి ప్రకృతి, చరణములు, వాద్యసమ్మేళనము, నృత్యము వికృతులు. తద్భవము తక్కువ జాతి పదము కాదు. తెలుగు కవిత్వమంతయు తద్భవములతో నిండియున్నది. అయితే తద్భవమునకు ప్రకృతిని చెప్పుట వైయాకరణుని ధర్మము.

పల్లెబాణీని అనుసరించి క్రొత్తగా రచించినవి మూడవ వర్గము. 2020 లో ప్రదర్శింపబడిన అల వైకుంఠపురములో చిత్రమునకు కాసర్ల శ్యామ్ రచించిన రాములో రాములా, 2021 లో మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి ఇట్టివి. వీనికి కర్తలు స్పష్టము. బుల్లెట్టు బండి పెండ్లి ఊరేగింపులలో వ్యాపించిన తీరు చూడగా, జనులు పాటకు పుట్టుక నడుగక పనిని అడుగుదురని తెలియుచున్నది. అత్తవారింటికి వెడలు కూతురు తన నోట పాడుకొనదగిన పాట కావలసియుండెను, అది దొరకెను.

నాల్గవది దేశ్యమువంటిది; మధ్యవర్తి లేనిది. 2025 లో పాలమూరు ప్రాంతమునకు చెందిన రాము రాథోడ్ తాను వ్రాసి, పాడి, నటించిన రాను బొంబాయికి రాను అను గేయము చలనచిత్ర ద్వారమును తట్టకయే యూట్యూబు మూలమున లోకమంతయు వ్యాపించెను. పాలమూరు కూలీలు బొంబాయికి వలసపోవుట తరతరముల దుఃఖము. ఆ వలస నీడ ప్రేమికుల పరిహాసములో చేరి నాట్యగీతమగుట చిత్రము. పల్లె తన పాటను తానే పంపుకొనగలిగిన కాలము వచ్చినదనుటకు ఇది సాక్ష్యము.

ఇచ్చట గ్రామ్యమను నాల్గవ విభాగమును గూర్చి యొక మాట. లక్షణమునకు విరుద్ధమైన భాషను గ్రామ్యమని చెప్పి, అనుకరణమున మాత్రము అంగీకరించుట చిన్నయసూరి మతము. తెలుగు చలనచిత్రము చిరకాలము తెలంగాణపు పలుకును ఈ సూత్రము తెలిసినట్లే వాడెను. హాస్యగాని నోటను, దుష్టపాత్ర నోటను, అనగా అనుకరణముగా మాత్రమే. సారంగదరియావంటి గేయములలో ఆ పలుకు నాయికా వర్ణనమునకు, శృంగారరసమునకు ప్రధానభాష అయ్యెను. అనుకరణమున నుండి స్వీకరణమునకు జరిగిన ఈ మార్పు భాషాచరిత్రమున చిన్నది కాదు. పాట విజయమునందు పండితులు సంతోషింపవలసిన యంశము ఇదియే.

కర్తృత్వ విచారము

పాట వెలువడిన వెంటనే వరంగల్లు ప్రాంతపు జానపద గాయని కోమలి, ఆ పాటను తాను సేకరించి, మాటీవీలో ప్రసారమైన రేలా రె రేలా కార్యక్రమమున పాడితిననియు, తన పేరు చెప్పబడలేదనియు ఆక్షేపించెను. చర్చ జరిగిన పిదప సేకర్తకు గుర్తింపు నిచ్చుటకు దర్శకుడు అంగీకరించెను. ఆ వాదప్రతివాదములు పత్రికలలో వచ్చినవే. వానిలోని వ్యక్తిగతాంశములు సాహిత్యవిమర్శకు అవసరములు కావు. అవసరమైనది సిద్ధాంతము.

ఒక పక్షము ఇట్లు వాదించును: జానపదము జనులందఱిది, దానికి కర్త లేడు, కర్త లేనిదానిని ఎవ్వరైన గ్రహింపవచ్చును. ఈ పక్షమున సత్యము లేకపోలేదు. గ్రహణము లేనిదే పాట బ్రదుకదు. ప్రతి గాయనియు తన ముందువారి నుండి గ్రహించినదే. ఒక్కరి సొత్తుగా పాటను బంధించినచో తక్కిన పల్లెలలో అదే పాటను వేఱు మాటలతో పాడువారికి అన్యాయమగును.

రెండవ పక్షము: కర్త లేకున్నను ధారకులు కలరు. వ్రాతప్రతి లేని పాట మనుష్యుల జ్ఞాపకమున నున్నది. ఆ జ్ఞాపకమే తాళపత్రము. తాళపత్రమును కాపాడిన యింటిపేరును గ్రంథపరిష్కర్త పీఠికలో చెప్పును. అది గ్రంథకర్తృత్వము నిచ్చుట కాదు, ఋణమును చెప్పుట. ఈ పక్షమే బలవత్తరము. జనులందఱిదనుట నిజమే యైనచో, ఫలమును జనులందఱికిని చెందవలెను. గ్రహించునపుడు అందఱిది, ఫలము పంచునపుడు ఒక్కనిది యనుట అర్ధజరతీయ న్యాయము.

శాసనము ఈ విషయమున సహాయము చేయుట తక్కువ. 1957 నాటి కాపీరైటు చట్టము కర్తను ఆశ్రయించి నడచునది. 2012 నాటి సవరణము చలనచిత్రములకు గేయములు వ్రాయు కవులకును, స్వరకర్తలకును రాయల్టీలో భాగమును సుస్థిరము చేసినది; అది మెచ్చదగిన సంస్కరణము. గాయకులకును తమ గానముద్రణముపై కొన్ని హక్కులు కలవు. కాని కర్త తెలియని పాటను తరములుగా నిలిపిన ధారకులకు, సేకర్తకు ఆ చట్టమున ప్రత్యేకస్థానము లేదు. పల్లవిని మార్చి వ్రాసినవారికి హక్కు కలుగును. మార్చక కాపాడినవారికి కలుగదు. శాసనము పలుకనిచోట ఆచారము పలుకవలెను. హాలుని గాథలకు పేర్లు వ్రాసిన లేఖకుని ఆచారము, పాఠాంతరము చూపి మూలమును చెప్పిన మల్లినాథుని ఆచారము ఇందుకు మార్గదర్శకములు.

కర్తవ్యము

పాట లోకమునకు చేరకుండ అడ్డగించుట ఎవ్వరికిని సాధ్యము కాదు, అభీష్టమును కాదు. సారంగదరియా తెఱ కెక్కకున్నచో ఆ పల్లవి కొన్ని పల్లెలలో నాలుగు కంఠముల తోడనే నిలిచియుండెడిది. చలనచిత్ర పాఠము కూడ నొక పాఠమే. రాబోవు తరము దానినే మొదట వినును. ప్రమాదమంతయు అది యొక్కటియే పాఠముగా మిగులుటలో నున్నది. చలనచిత్ర పాఠమును నేర్చుకొనిన పల్లెపిల్లలు తమ అమ్మమ్మ పాఠమును తప్పుపాఠమని దిద్దు దినము వచ్చినచో, పాట వ్యాపించియు నశించినదగును.

దీనికి ప్రతిక్రియ పాఠశాలల పండితుల చేతిలో నున్నది. ఏడుపాయల జాతరకు వచ్చు గుంపులలోను, బొడ్డెమ్మ బతుకమ్మ దినములలోను, నాట్లు సాగు మళ్లలోను నేటికిని పాడు స్త్రీలు మెదకు సీమయందు కలరు. వారి పాటలను వినినది వినినట్లు వ్రాయవలెను. సంధులు కలుపరాదు, అరసున్నలు చేర్చరాదు, అశ్లీలమని తోచిన మాటను మార్చరాదు, అర్థము తెలియని పదమునకు అర్థమున్న పదమును పెట్టరాదు. సారంగదరియా శబ్దమునే ఒక పండితుడు సారంగధరాయని దిద్దియుండినచో ఎంత నష్టము వాటిల్లెడిదో తలపవలెను. ప్రతి పాట క్రింద ఊరిని, దినమును, సందర్భమును, ఎవరి నుండి నేర్చినదను మాటను, పాడినవారు అంగీకరించినచో వారి పేరును వ్రాయవలెను. ఒకే పాట రెండూళ్లలో రెండు విధముల నున్నచో రెండును ఉంచవలెను. నేడు ప్రతి విద్యార్థి చేతిలోను ధ్వనిని ముద్రించు యంత్రము కలదు. సోమనాథుని కాలమున లేని సాధనము ఇది. తుమ్మెద పదములకు పట్టిన గతి ఈ పాటలకు పట్టినచో, సాధనము లేదను సాకు ఈ తరమునకు చెల్లదు.

ఇట్లు సంగ్రహింపబడిన పాఠములు ప్రకటితములైన పిమ్మట ఏ కవి యైనను వానిని గ్రహింపవచ్చును, మార్పవచ్చును, మెఱుగు పెట్టవచ్చును. గ్రహించినవాడు మూలమును చెప్పినచో అతని రచనకు తఱుగు లేదు. విభావనవంటి నేర్పు గల కవికి అసలే లేదు. చెప్పనిచో చెప్పగలిగిన ప్రమాణము పరిషత్తుల చేతిలో నుండును. అమూలమైనది వ్రాయరాదను నియమము కొల్చారపు వ్యాఖ్యాత తనకై పెట్టుకొన్నది. పల్లెపాటకు మూలము కడవ మోసిన మనుష్యులు. వారి పేర్లు వ్రాయుట ఆ నియమమును పాటించుటయే యగును.